కొట్టుకునే నరం

చెయ్యి పట్టుకుని కళ్ళు మూసుకున్నప్పుడు నవోమి పెదవులు కదిలేవి. అప్పుడామె ఎవరితో మాట్లాడేది?

కాంపౌండరు కామాక్షయ్య బతికినన్నాళ్ళూ ఈ మాట తనను తాను అడుగుతూనే ఉన్నాడు. ప్రార్థన అనుకుందామంటే, ప్రార్థన చేసుకునేటప్పుడు ఆమె పెదవులు కదిలేవి కావు. ఆదివారం పూట కాలవ గట్టున కూర్చుని, బైబిలు ఒళ్ళో పెట్టుకుని, నోరు బిగించి చదువుకునే మనిషి. లెక్కపెట్టుకుంటోందేమో అనుకుందామంటే, మధ్యలో ఆగేది. ఎదుటివాళ్ళు చెప్పేది పూర్తయ్యేదాకా వింటున్నట్టు ఆగేది. తర్వాత మళ్ళీ పెదవులు కదిలేవి. ఆ ఆగడమే ఎవరికీ అంతుపట్టలేదు. ఇప్పటికీ పట్టలేదు.

ఆమె పందొమ్మిది వందల యాభై తొమ్మిది ఎండాకాలంలో వచ్చింది. మైపాడుకు దక్షిణంగా, బకింగ్‌హాం కాలవకీ సముద్రానికీ నడుమ, సరుగుడు తోపుల వెనక ఒక ధర్మాసుపత్రి ఉండేది. రెండు గదులు, ఒక వరండా. డాక్టరు వారానికి రెండుసార్లు ఇందుకూరుపేట వైపు నుంచి వచ్చేవాడు. మిగతా రోజుల్లో డాక్టరూ, మందులు కలిపేవాడూ, కట్టు కట్టేవాడూ అన్నీ కామాక్షయ్యే. నలభై దాటిన మనిషి, లోతట్టు రైతు కుటుంబం, చేతిపని మీద గర్వం. సముద్రం పక్కన పదమూడేళ్ళు ఉన్నా ఒక్కనాడూ అందులో కాళ్ళు తడుపుకోలేదు.

టీకాలు వెయ్యడానికి ఒక టెంపరరీ నర్సును పంపుతున్నామని పైనుంచి కాగితం వచ్చింది. కాగితం వచ్చిన మూడో రోజున కాలవ పడవలోంచి నవోమి దిగింది. ముప్ఫయ్యేళ్ళుంటాయి. సన్నటి మనిషి. చేతిలో రేకు పెట్టె. ఆమె ఎడమచేతి బొటనవేలు మాత్రం మిగతా చేతికి చెందనట్టు వెడల్పుగా, అణిగిపోయి ఉండేది.

ఆ వేలి కథ ఆమే చెప్పింది. వాళ్ళమ్మ పెంచలమ్మ పచ్చబొట్లు పొడిచేది. కాలవ మీద పడవల్లో ఊరూరా తిరిగేది. పొడిపించుకునేవాళ్ళు చెయ్యి లాక్కోకుండా గట్టిగా పట్టుకోవడం చిన్నప్పటి నుంచీ కూతురి పని. పట్టుకుని, సూది పడకూడని చోటేదో బొటనవేలితో చూసి తల్లికి చెప్పాలి. నరం మీద సూది పడితే బొట్టు పాకిపోయి మరకైపోతుంది. తర్వాత మిషను బడిలో చేరింది, పేరు మారింది, నర్సు పని నేర్చుకుంది. వేలు మాత్రం మారలేదు.

మొదటి రోజునే ఇద్దరికీ ఒక చిన్న తగువు వచ్చింది. నీళ్ళ విరేచనాలతో వచ్చిన ఒక ముసలామెకు సెలైను పెట్టాలి. కామాక్షయ్య రబ్బరు గొట్టం అందించాడు. నవోమి దాన్ని పక్కన పెట్టి, ఆ ముసలామె ముంజేతిని తన ఒళ్ళో పెట్టుకుని, బొటనవేలు ఆనించి, కళ్ళు మూసుకుంది.

"ముందు రబ్బరు కట్టమ్మా. కట్టకుండా నరం ఎట్టా లేస్తాది?"

"లేచినాక అన్నీ ఒకే మాదిరి కనపడతాయన్నా. లేవకముందే అడగాల."

"ఎవురిని?"

"చేతిని."

"ఏమంటాదంట?"

"ఒక నరం దోవ ఇస్తానంటాది. ఒకటి ఇయ్యనంటాది."

కామాక్షయ్య పకపకా నవ్వాడు. "అయితే సాయంత్రం మా ఇంటికి రా. మా ఆదిశేషమ్మ చెయ్యి పట్టుకోని, ఈ పూట కూరేందో అడిగి చెప్పు. నాకయితే చెప్పదు."

నవోమి కూడా నవ్వింది. కళ్ళు మాత్రం తెరవలేదు. కాసేపటికి తెరిచి, గొట్టం కట్టి, ఒక్క పోటులో సూది దించింది.

ముంజేతిలో చర్మం కింద పారే నరాలకు ఆమె దగ్గర వాళ్ళమ్మ పెట్టిన పేర్లుండేవి. బొటనవేలి వెనక మొదలై, ముంజేతి అంచు చుట్టి మోచేతికి ఎక్కేది పెద్దక్క. ఏ చేతిలో ఏది ఉన్నా లేకున్నా పెద్దక్క ఉంటుంది, కష్టానికి నిలబడుతుంది. చిటికెనవేలి వైపు నుంచి ఎక్కేది దొంగ. లావుగా, నదురుగా కనిపిస్తుంది గానీ సూది ఆనగానే పక్కకు దొర్లుతుంది. మోచేతి మడతలో ఆ రెంటినీ కలుపుతూ ఏటవాలుగా పోయేది వారధి. నడిమధ్యన సన్నగా, ఉండీ లేనట్టుండేది పిల్లకాలవ. కామాక్షయ్యకు వీటికి ఇంగ్లీషు పేర్లు తెలుసు. కాంపౌండరు పరీక్షకు చదివిన పుస్తకంలో ఎర్ర గీతల, నీలి గీతల బొమ్మ ఉండేది. ఆ బొమ్మలో చెయ్యి ఒక్కటే. నవోమి మాత్రం ఏ ఇద్దరి చేతులూ ఒకలా ఉండవనేది. ఉప్పుటేరు ఏటేటా దోవ మార్చుకున్నట్టు, తల్లి కడుపులోనే ఒక్కొక్కరికి ఒక్కో దోవ పడుతుందనేది.

ఆసుపత్రి పక్కనే ఉన్న జాలర్ల పాళెంలో వాళ్ళకు ఆమె మీద భయం మొదలైంది మాత్రం వేరే సంగతితో.

ముత్యాలయ్య అని ఒక ముసలి వలకారి. దగ్గుతో, ఆయాసంతో తెచ్చారు. నవోమి అతని చెయ్యి పట్టుకుని చాలాసేపు కళ్ళు మూసుకుంది. పెదవులు కదిలాయి, ఆగాయి, మళ్ళీ కదిలాయి. తర్వాత ఆ చేతిని, నిద్రపోతున్న పసిబిడ్డ చెయ్యిలా, మెల్లగా దుప్పటి కిందకు తోసింది.

"ఈ చేతికి వద్దన్నా" అంది.

కామాక్షయ్యకు కోపం వచ్చి తానే సూది పెట్టాడు. నరం సులువుగానే దొరికింది. మందు సులువుగానే పోయింది. పొద్దు వాలకముందే ముత్యాలయ్య పోయాడు. మరో రెండు నెలలకు ఇంకొకరి విషయంలో ఇలాగే జరిగింది. అంతే, ఆడవాళ్ళు ఆసుపత్రి ముందు నుంచి పోవాల్సి వస్తే రెండు చేతులూ కొంగులో దాచుకునేవాళ్ళు. మొలగుడ్డ తప్ప ఒంటి మీద నూలుపోగు ఎరగని మగవాళ్ళు, నడి ఎండాకాలంలో, ఎక్కడెక్కడివో పొడుగు చేతుల చొక్కాలు అడిగి తెచ్చుకుని తొడుక్కుని వచ్చేవాళ్ళు, కాలికి దెబ్బ తగిలితే కూడా.

"చొక్కా ఎందుకయ్యా? గాయం కాలికి గదా?" అని కామాక్షయ్య అడిగితే,

"ఆయమ్మ చెయ్యి పట్టుకుంటాదేమోనని సార్" అని చెంగయ్య అనేవాడు. చెంగయ్య పడవవాడు. కాలవ మీద మనుషుల్ని, కట్టెల్ని, ఉప్పును చేరవేసేవాడు. "నా పొద్దు యాడ మునగతాదో నాకు తెలవనీబాకండి. తెలిస్తే నేను పడవ తొయ్యలేను."

కామాక్షయ్య నవ్వేవాడు. కానీ తానూ నవోమికి చెయ్యి ఇవ్వలేదు. ఆసుపత్రిలో ఉన్నంతసేపూ ఆయన చొక్కా చేతులు మణికట్టు దాకా గుండీ పెట్టే ఉండేవి.

ఆ పాళెంలో చెయ్యి దాచుకునే మనిషి నవోమి రాకముందే ఒకతె ఉంది. మాలకొండమ్మ. చిన్నపోలయ్య కూతురు. దాచుకున్నది కుడిచెయ్యి.

యాభై ఏడో సంవత్సరం కార్తీకంలో చిన్నపోలయ్య తెప్ప ఒక్కటే తిరిగి వచ్చింది. మనిషి రాలేదు, దేహమూ రాలేదు. అప్పటికి మాలకొండమ్మకు పద్నాలుగేళ్ళు. తెప్ప ఒడ్డుకు చేరినప్పుడల్లా తండ్రి పక్కన నిలబడి తాడు లాగిన పిల్ల. రెండు వారాలు అన్నం ముట్టలేదు, లేవలేదు. తల్లి చెంచులక్ష్మి కాళ్ళావేళ్ళా పడితే కామాక్షయ్య వాళ్ళింటికి వెళ్ళి, కుడి మోచేతి మడతలో ఒక బలం సూది వేశాడు. నరంలోకి ఎక్కించగానే ఒళ్ళంతా వెచ్చబడే మందు అది. పాళెంలో దాన్ని వేడి సూది అనేవాళ్ళు, ఇష్టంగా వేయించుకునేవాళ్ళు.

మూడో రోజుకు పిల్ల కుడిచేతి చిటికెనవేలు, దాని పక్క వేలు, నడిమి వేలు చల్లబడ్డాయి. తెల్లబడ్డాయి. వారానికి నల్లబడ్డాయి. నెలకు ఎండిన చేపల్లా రాలిపోయాయి.

పాళెం పెద్దలకు సంగతి వెంటనే తెలిసిపోయింది. నీళ్ళలో పట్టుకోవడానికి ఏ చెయ్యీ దొరక్క, చిన్నపోలయ్య వచ్చి కూతురి చెయ్యి పట్టుకున్నాడు. తాడు లాగిన చెయ్యి కాబట్టి కుడిదే పట్టుకున్నాడు. ఇక అది ఆ పిల్లది కాదు, ఆయనది. చెంచులక్ష్మి మొగుడి తలగుడ్డ చించి ఆ చేతికి వేళ్ళ మొదళ్ళ నుంచి మోచెయ్యి పైదాకా చుట్టింది. అమావాస్య అమావాస్యకూ సముద్రపు నీళ్ళతో ఆ గుడ్డ తడిపేది. ఆ చెయ్యి ఎవరికీ చూపేది కాదు, దానితో పని చేయించేది కాదు. మాలకొండమ్మ ఎడమచేత్తో వల అల్లడం నేర్చుకుంది. రెండు చేతులూ ఉన్నవాళ్ళ కంటే వేగంగా అల్లేది. అల్లుతూ అల్లుతూ ఒక్కోసారి ఆగి, గుడ్డ చుట్టిన చేతి వంక చూసి అనేది:

"నాయన వేళ్ళు చల్లగా ఉండాయిమా. ఈ పొద్దు గట్టిగా పట్టుకోనుండాడు."

లేని వేళ్ళను పట్టుకుని ఉన్నాడని.

ఆ సూది వేసినప్పటి సంగతి ఒకటి కామాక్షయ్య ఎవరికీ చెప్పలేదు. రబ్బరు కట్టగానే మోచేతి మడతలో, చిటికెనవేలి వైపు, మంచి లావు నరం కనిపించింది. సూది మొదటి పోటుకే దిగింది. దిగి, రబ్బరు సడలించగానే రక్తం ఎర్రగా, ఎగదన్నుతూ వచ్చి, పిచికారీ లోపలి కడ్డీ దానంతట అదే వెనక్కి లేచింది. ఎంత బాగా వచ్చిందో అని ఆయన ముచ్చట పడ్డాడు కూడా. మందు ఎక్కుతుంటే పిల్ల "అమ్మా, నిప్పు, వేళ్ళలో నిప్పు" అని కేక పెట్టింది. వేడి సూది అంతేలే అన్నాడు. తర్వాత పెద్దలు చిన్నపోలయ్య పట్టుకున్నాడని అంటే, ఔనన్నట్టు తల ఊపాడు. తప్పేమిటో ఆయనకు నిజంగా తెలియదు. ఏదో ఉందని మాత్రం తెలుసు. ఆ రెంటి మధ్య నాలుగేళ్ళు బతికాడు.

అరవయ్యో సంవత్సరంలో పాళెమంతటికీ కలరా టీకాలు వేశారు. భయమున్నా సర్కారు టీకా తప్పదు గనక వరండాలో వరస కట్టారు. సూది కామాక్షయ్య వేస్తుంటే, నవోమి ఒక్కొక్కరి చెయ్యీ ఒళ్ళోకి తీసుకుని కదలకుండా పట్టుకునేది. మాలకొండమ్మ ఎడమచెయ్యి ఇచ్చింది. అలవాటుగా నవోమి బొటనవేలు మోచేతి మడతలోకి పోయింది. పోయి, నిప్పు తగిలినట్టు వెనక్కి వచ్చింది. మళ్ళీ పెట్టింది. కళ్ళు మూసుకుంది. పెదవులు కదల్లేదు. ఆసారి మొత్తం వినడమే.

"రెండో చెయ్యి చూపిస్తావా పాపా?" అంది.

"అది నాయనది" అంది మాలకొండమ్మ. చెంచులక్ష్మి కూతుర్ని వెనక్కి లాక్కుంది.

మర్నాడు మధ్యాహ్నం మాలకొండమ్మ ఎడమ మోచేతి మడతలో, చిటికెనవేలి వైపు, మూడు పచ్చ చుక్కలు ఉన్నాయి. రేకు పెట్టెలో నుంచి తల్లి సూదులు తీసి నవోమే పొడిచింది. ఆ చేతిని కూడా చిన్నపోలయ్య పట్టుకోకుండా నర్సమ్మ కాపు పెట్టిందని పాళెంలో చెప్పుకున్నారు. చెంచులక్ష్మి సంతోషించి ఎండుచేపలు పంపింది.

కామాక్షయ్య మండిపడ్డాడు. "నువ్వు నర్సువా, పచ్చబొట్లు పొడిచేదానివా? ఏందా చుక్కలు?"

"ఆడ ఎవురూ సూది పెట్టబాకండని గురుతన్నా."

"ఎందుకు పెట్టగూడదు?"

"ఆ నరం కొట్టుకుంటా ఉండాది."

"నరం కొట్టుకునేదేంది! కొట్టుకునేది నాడి, గుండె కాడి నించి నెత్తురు తెచ్చేది. నాడి మాంసం అడుగున ఉంటాది, పైకి రాదు. పుస్తకంలో రాసుండాది."

"ఆ బిడ్డ పుస్తకం చదవలా గదన్నా" అంది నవోమి.

లేచి నాలుగడుగులు వేస్తే వరండా. అక్కడే మాలకొండమ్మ కూర్చుని ఉంది. ఒక్క వేలు ఆనిస్తే తెలిసిపోయేది. ఆయన లేవలేదు. ఆ పూట అన్నం కూడా సయించలేదు. ఎందుకని ఆదిశేషమ్మ అడిగితే, ఎండ అన్నాడు.

మరుసటి ఏడు ఆషాఢంలో కలరా వచ్చింది.

సముద్రం పక్క ఊళ్ళో నిశ్శబ్దం ఎలా ఉంటుందో కామాక్షయ్య ఆ పదిహేను రోజుల్లో చూశాడు. మిట్టమధ్యాహ్నం, పడమటి గాలి ఇసకను ఎత్తి పోస్తుంటే, ఒక్క తలుపు తెరిచి ఉండేది కాదు. కుక్కలు ఏమయ్యాయో తెలియదు. ఎండేసిన వలలు కొయ్యల మీద ఉబ్బి, లోపల ఎవరో పడుకుని ఊపిరి తీస్తున్నట్టు లేచి అణిగేవి. డాక్టరు కాలవ అవతల ఇంకో ఊళ్ళో చిక్కుకుపోయాడు. గాజు సీసాలు, రబ్బరు గొట్టాలు, స్పిరిటు పొయ్యి మీద ఉడుకుతున్న సూదులు, ఇద్దరే మనుషులు.

అలాంటి ఒక మధ్యాహ్నం మాలకొండమ్మను వల ఉట్టిలో వేసి, వెదురుకు కట్టి మోసుకొచ్చారు. కళ్ళు గుంటల్లోకి పోయాయి. చేతివేళ్ళు నీళ్ళలో నానినట్టు ముడతలు పడ్డాయి. గొంతు పోయింది. మణికట్టు దగ్గర నాడి లేదు. కానీ ఎడమచేతి వేళ్ళు మాత్రం, వల అల్లుతున్నట్టు, కొద్దికొద్దిగా ఆడుతున్నాయి.

"చెయ్యి పోగొట్టబాకండి సార్" అంది చెంచులక్ష్మి. ప్రాణం పోతున్న బిడ్డను ముందు పెట్టుకుని ఆమె అన్న మొదటి మాట అది. "అదొక్కటే దానిది. అదీ పోతే బతికి ఏం చేస్తాది?"

కామాక్షయ్య ఎడమచేతిలో పెద్దక్కను పట్టాలని చూశాడు. నీళ్ళు ఇంకిపోయిన కాలవలా నరం చప్పబడి ఉంది. గుచ్చితే పగిలి, చర్మం కింద నల్లగా పొంగింది. కాస్త పైన మళ్ళీ గుచ్చాడు. అక్కడా పగిలింది. వారధి కనిపించలేదు. పిల్లకాలవ లేనే లేదు. ఇంకా పైన రబ్బరు బిగించి కట్టాడు. చెయ్యంతా బోసిగా ఉంది. మూడు చుక్కల కింద మాత్రం ఒక్కటి, తాడులా, నిటారుగా కనిపిస్తోంది.

దేవుడు ఒక్కటన్నా మిగిల్చాడనుకుని సూది అందుకున్నాడు.

నవోమి ఆయన మణికట్టు పట్టుకుంది. రెండేళ్ళలో ఆమె వేళ్ళు ఆయన చేతిని తాకడం అదే మొదలు, అదీ చొక్కా మీద నుంచి.

"అది వద్దన్నా."

"చస్తా ఉండాది నవోమీ! ఇంకేం లేదు ఈడ!"

"రబ్బరు విప్పి చూడండి."

"విప్పితే ఉన్న నరం పోతాది."

"పోదు. అది నరమయితే గదా పోయేది. విప్పండి. మీ వేలు పెట్టండి."

ఆమె రబ్బరు లాగేసింది. ఆయన వేలు తీసి చుక్కల మీద ఆనించింది.

మొదట ఏమీ లేదు. తర్వాత, చాలా కింద నుంచి, ఒడ్డున పడేసిన చేప చచ్చే ముందు తోక కదిలించినట్టు, ఒక్కటి. మళ్ళీ ఒకటి. మణికట్టులో లేని నాడి ఇక్కడ, చర్మానికి అంటుకుని, నరం వేషం వేసుకుని కొట్టుకుంటోంది. రబ్బరు కడితే ఆ కొట్టుకోవడం ఆగిపోతుంది. ఆగితే అది అన్ని నరాల్లాంటిదే.

ఎర్రగా ఎగదన్నిన రక్తం, దానంతట అదే వెనక్కి లేచిన కడ్డీ ఆయన కళ్ళ ముందుకు వచ్చాయి. నాలుగేళ్ళ కిందట ఆ కుడిచేతిలో, వేళ్ళకు రక్తం తీసుకుపోయే దోవలోకి ఆ మందంతా నెట్టింది తానే. చిన్నపోలయ్య ఎవరినీ పట్టుకోలేదు.

ఆయన గోడ వైపుకు జరిగాడు. సూది చేతిలోనే ఉంది.

నవోమి అప్పటికే మంచం అవతలి వైపుకు పోయి, గుడ్డ చుట్టిన చేతి దగ్గర కూర్చుంది. చెంచులక్ష్మి అడ్డం పడింది.

"అది ముట్టుకోబాకమ్మా! ఆయన వదలడు! బిడ్డను కూడా తీసకపోతాడు!"

"ఆయన్నే అడుగుదాం" అంది నవోమి.

గుడ్డ మీదనే, మణికట్టు దగ్గర బొటనవేలు ఆనించి కళ్ళు మూసుకుంది. పెదవులు కదిలాయి. ఆగాయి. స్పిరిటు పొయ్యి మీద సూదులు గిన్నెకు తగిలి టకటకమంటున్నాయి. మళ్ళీ పెదవులు కదిలాయి, ఈసారి కాస్త వేగంగా, బతిమాలుతున్నట్టు. ఆగాయి. చాలాసేపు.

"పెట్టమంటా ఉండాడు" అంది కళ్ళు తెరిచి.

చెంచులక్ష్మి ముందుకు వంగింది. "ఇంకేమన్నాడు?"

"గుడ్డ ఇంక తడపబాకండి అంటాడు. చలేస్తా ఉండాదంట."

చెంచులక్ష్మి తానే ముడి విప్పింది. నాలుగేళ్ళు ఎండ చూడని ముంజెయ్యి బయటపడింది. తెల్లగా, లేతగా, వేరే ఎవరిదో పసిబిడ్డది తెచ్చి అతికించినట్టుంది. చివర బొటనవేలు, చూపుడువేలు మాత్రమే. చచ్చిపోయిందని అందరూ అనుకున్న చెయ్యి ఆ గుడ్డ వెచ్చదనంలో ఒక్కటే బతుకుతూ వచ్చింది. బొటనవేలి వెనక పెద్దక్క సన్నగా, పచ్చగా, ఉన్నాననేట్టు ఉంది. నవోమి గొంతుకిలా కూర్చుని, రబ్బరు కట్టకముందు ఒకసారి, కట్టాక ఒకసారి చూసి, సూది దించింది. గొట్టంలో గాలిబుడగ ఒకటి కదిలి ఆగి, మళ్ళీ కదిలింది. నీళ్ళు పారాయి.

ఐదో సీసా సగమయ్యేసరికి మణికట్టులో నాడి దొరికింది. ఎండ చల్లబడేవేళకు మాలకొండమ్మ నోరు విప్పి "దాహం" అంది.

పది రోజుల తర్వాత ఒక ఉదయం, ఆసుపత్రి ఖాళీ అయ్యాక, నవోమి వరండాలో కూర్చుని మొద్దుబారిన సూదుల్ని సానరాయి మీద నూరుతోంది. కామాక్షయ్య వచ్చి పక్కన నిలబడ్డాడు.

"నీకెప్పుడు తెలిసింది?"

"టీకాల నాడే. ఒక చేతిలో అట్ట పైకి వస్తే, చానామందికి రెండో చేతిలో కూడా వస్తాదని అమ్మ చెప్పేది. చుక్కలు పొడిచేటప్పుడు, సూది యాడ వేసినారని ఆ బిడ్డను అడిగినాను. చూపించింది."

"మరి నాకెందుకు చెప్పలా? ఊళ్ళో ఎందుకు చెప్పలా?"

నవోమి సూదిని వెలుగుకు ఎత్తి మొన చూసుకుంది. "నా చేత్తో చేసిందయితే చెప్పి ఉందునన్నా."

సూదిని మళ్ళీ సానరాయి మీద పెట్టింది.

"మీ చెయ్యి ఒక తూరి ఇయ్యండి" అంది ఆమె, తల ఎత్తకుండా.

కామాక్షయ్య రెండు చేతులూ వెనక్కి పెట్టుకున్నాడు. అంత పెద్ద మనిషి అలా చేసినందుకు ఆయనకే సిగ్గేసింది. "పాళెంలో చెప్పి వస్తాను" అన్నాడు. "వచ్చినాక ఇస్తాను. ఏమంటాదో అడుగుదువు."

ఆమె తల ఊపింది. ఔననో, సరేననో, వెళ్ళమనో.

పాళెంలో చెంచులక్ష్మి గడపలో కూర్చుని ఉంది. లోపల మాలకొండమ్మ ఎడమచేత్తో వల అల్లుతోంది. కుడిచెయ్యికి గుడ్డ మళ్ళీ చుట్టే ఉంది గానీ పొడిగా ఉంది. కామాక్షయ్య నిలబడే చెప్పాడు. సూది సంగతి, రక్తం సంగతి, తల ఊపిన సంగతి, ఒక్కటీ దాచకుండా చెప్పాడు. కొడతారని అనుకున్నాడు. కొడితే బాగుండునని కూడా అనుకున్నాడు.

చెంచులక్ష్మి ఇసక వంక చూసింది.

"ఈ మాట ఇంకెవురికీ చెప్పబాకండి సార్" అంది. "మీ కోసరం గాదు. దేహం దొరకలా ఆయనది. ఆ చేతిలో ఉండాడని నాలుగేళ్ళు కంటి నిండా నిద్రపోయినాను. ఇప్పుడొచ్చి లేడంటే నేను యాడ వెతుక్కునేది?"

లోపల వల అల్లే చప్పుడు ఆగింది. మాలకొండమ్మ లేచి వచ్చింది. తల్లి లాగా ఆమె ఇసక వంక చూడలేదు. సూటిగా కామాక్షయ్య ముఖంలోకి చూసింది. నమ్మింది. అది ఆయనకు కనిపించింది. గుడ్డ మొన పళ్ళతో పట్టి లాగి, చుట్లు విప్పి, రెండువేళ్ళ చేతిని ఆయన ముందుకు చాపింది. లేని మూడు వేళ్ళ చోటు వైపు గడ్డంతో చూపించింది.

"నాయన గాకపోతే" అంది మెల్లగా, "ఈడ ఇప్పుడు పట్టుకోనుండేది ఎవురు సార్?"

చుట్టూ ఎర్రటి ఎండ. కామాక్షయ్య ఆ ఖాళీ చోటు వంక చూశాడు. ఆ పిల్ల చెయ్యి కొద్దిగా వంగి ఉంది, ఎవరో అవతల నుంచి బరువు వేస్తే వంగినట్టు. వెనుదిరిగాడు.

దారిలో అనుకున్నాడు, ఈ మాట నవోమిని అడగాలి. ఆమెకు తెలుస్తుంది. ముందు తన చెయ్యి ఇచ్చి, తర్వాత ఇది అడగాలి. సరుగుడు తోపు దాటేటప్పటికే కుడి చొక్కా చేతి గుండీ విప్పి, మోచేతి పైదాకా మడిచి పెట్టుకున్నాడు. గాలి తగిలితే ఆ చర్మం మీద వింతగా ఉంది.

ఆసుపత్రిలో ఎవరూ లేరు. నూరిన సూదులు వరసగా గాజుగుడ్డ మీద ఉన్నాయి. రబ్బరు గొట్టం కడిగి మేకుకు తగిలించి ఉంది, ఇంకా నీళ్ళు కారుతోంది. రేకు పెట్టె ఉండే మూల ఖాళీ. బల్ల మీద, మందుసీసా బరువు కింద, టెంపరరీ నర్సును తిరిగి పంపమని పైనుంచి వచ్చిన కాగితం. దాని మీద తేదీ చూస్తే వారం కిందటిది. వారం నుంచీ ఆమె దగ్గర ఉండి ఉంటుంది.

కామాక్షయ్య కాలవ గట్టుకు పరుగెత్తాడు. చెంగయ్య పడవ అప్పటికే రేవు వదిలి, ఉత్తరంగా, గట్టు వెంట పొదలు వంగిన చోటికి చేరుతోంది. చెంగయ్య వీపు ఇటు. గడకర్ర తోస్తున్న ఒంటి మీద పొడుగు చేతుల చొక్కా. ఉప్పు బస్తాల మధ్య నవోమి కూర్చుని ఉంది. పక్కన ఎవరో ముసలామె, ఈ ఊరి మనిషి కాదు. ఆ ముసలామె చెయ్యి నవోమి ఒళ్ళో ఉంది.

ఆయన పిలవబోయాడు. మడిచిన చొక్కా చెయ్యిని పైకి ఎత్తాడు కూడా. కానీ నవోమి కళ్ళు మూసి ఉన్నాయి. పెదవులు కదులుతున్నాయి. కదిలి, ఆగాయి. అవతలివాళ్ళు చెప్పేది ఇంకా పూర్తి కానట్టు ఆగే ఉన్నాయి, పడవ వంపు తిరిగి పొదల వెనక్కి పోయేదాకా.